వరాహనరసింహం గారి సుద్దముక్క

వరాహనరసింహం గారు వేలితో తట్టి చూడని వస్తువు ఖరగ్‌పూర్‌లో ఏదైనా మిగిలి ఉందంటే, అది ఆయన చేతికి అందని ఎత్తులో ఉండి ఉండాలి. ఊరికే తట్టి ఊరుకోరు. చెవి దగ్గర పెట్టుకుని వింటారు. తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఫిట్’ అనో ‘సిక్’ అనో రాస్తారు. అది రాస్తే గాని ఆయన కాలు ముందుకు పడదు.

ఇది ఉద్యోగం అంటించిన అలవాటు. ఆయన రైల్వేలో టీఎక్సార్, అంటే బండ్లు పరీక్షించే మనిషి. బండి ఆగగానే దాని వెంట నడుస్తూ చక్రాలను సుత్తితో కొట్టి, చప్పుడును బట్టి పగులుందో లేదో చెప్పాలి. బాగోలేని వ్యాగన్ మీద ‘సిక్’ అని రాస్తే దాన్ని విడదీసి రిపేరు లైన్లోకి తోసేస్తారు. ముప్ఫై ఏళ్ళు ఆ పని చేసిన చెయ్యి డ్యూటీ దిగాక ఊరుకోమంటే ఊరుకుంటుందా?

ఇంట్లో అట్లపెనం మీద ‘సిక్’. ప్రెషర్ కుక్కర్ మీద ‘ఫిట్’, దాని కింద మళ్ళీ పరీక్ష చెయ్యవలసిన తారీఖు. ఒకసారి విజయనగరం నుంచి బావమరిది వచ్చి, మధ్యాహ్నం భోంచేసి గురకపెట్టి పడుకున్నాడు. ఈయన వంగి, ఆ గురకను శ్రద్ధగా విని, బనీను వీపు మీద ‘సిక్’ అని రాసి డ్యూటీకి వెళ్ళిపోయారు. ఆ బనీనుతోనే బావమరిది సాయంత్రం పాలకేంద్రం దాకా వెళ్ళొచ్చాడు. దారిలో ఇద్దరు ముగ్గురు ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, ఖరగ్‌పూర్ జనం చాలా మర్యాదస్తులని చెల్లెలితో మెచ్చుకున్నాడు.

“మరి నామీదేటి రాస్తారు?” అని అడిగింది ఆ చెల్లెలు, అంటే ఆయన భార్య లలితాంబ.

“నీకు పరీక్షెందుకే? నువ్వు త్రూ బండివి. బయల్దేరిన స్టేషన్లోనే ఫిట్ ఇచ్చీసినారు. ఆఖరి స్టేషన్ దాకా మరెవడూ ఆపక్కర్లేదు.”

అది పొగడ్తో కాదో తేల్చుకునే లోపల పొయ్యి మీద పోపు మాడిపోయింది.

బజార్లో ఆయన కనపడగానే కూరగాయల పోలమ్మ గుమ్మడికాయల మీద గోనెసంచి కప్పేసేది. “రాయకండి బాబో! మీరు సిక్కని రాస్తే దాన్ని ఆవు కూడా ముట్టదు!” అని మొత్తుకునేది. అతిశయోక్తి కాదు. వర్క్‌షాపు ఫిట్టరు వెంకటరావు ఇంట్లో ఒక కుర్చీకి ఆయన ‘సిక్’ రాస్తే, వెంకటరావు నవ్వి దాన్లోనే కూర్చున్నాడు. మూడోనాడు పేపరు చదువుతూ చదువుతూ నేల మీదికి వచ్చేశాడు. అప్పటినుంచి ఆ వీధిలో ఆయన సుద్ద పడని వస్తువు ఎవరింటికీ వెళ్ళలేదు.

ఇలా ఉండగా తొంభై ఒకటిలో కాలనీ తెలుగువాళ్ళకి ఒక కొత్త సరదా పట్టింది. పెద్ద స్టీరియో సెట్లు కొనే స్తోమత ఎవరికీ లేదు. కొన్నా, క్వార్టర్లో మంచం తీసి బయటపడేస్తే గాని అవి పట్టవు. అప్పుడు వచ్చాయి చిన్న స్పీకర్ల జతలు. చెప్పుల పెట్టెను నిలబెడితే ఎంతో, అంత. ఆంప్లిఫయరు వేరే కొనక్కర్లేదు, స్పీకరు పెట్టెలోనే ఇమిడి ఉంటుంది. ఒక వైరు వాక్‌మన్‌కి, ఇంకో వైరు ప్లగ్గుకి పెడితే ఇల్లంతా పాటే. దుర్గాపూజకి బోనస్ రాగానే తలో జత కొనాలని పన్నెండు ఇళ్ళవాళ్ళు అనుకున్నారు. ఏది కొనాలన్నది మాత్రం వరాహనరసింహం గారు చెప్పాలి.

ఆయన చెప్పలేదు. గోల్‌బజార్‌లో సాహా దాదా కొట్టుకి వెంకటరావును వెంటబెట్టుకుని వెళ్ళి, ప్లాస్టిక్ జతను తట్టి “ఇది స్పీకరా, సబ్బుపెట్టా?” అన్నారు. సిక్. ఇంకొకటి తట్టారు. సిక్. చివరికి మంచి చెక్క పెట్టెతో, అందుబాటు ధరలో ఒక కంపెనీ జత వచ్చింది. దాన్ని కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. వెంకటరావు ఆశగా చూస్తున్నాడు. సిక్.

“దీనికేటి జబ్బు బాబూ? పాట బాగానే వస్తంది కదా?”

“కుర్చీ కూడా బాగానే ఉందన్నావు” అన్నారు ఆయన. వెంకటరావు చెయ్యి దానంతటదే నడుము మీదికి వెళ్ళింది.

ఈ తీర్పుల కోసం అందరికన్నా ఎక్కువగా చెవులు రిక్కించినవాడు కృపారావు. అతనికి ఖరిదా పేటలో రేడియో రిపేరు కొట్టు, దాని వెనకే ఇల్లు. రేడియోలు తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. చేతిలో పనితనం ఉంది, పనే లేదు. టాటానగర్‌లో భార్య ఎమిలీ అన్నగారు సిమెంటు గోడౌన్‌లో గుమాస్తా పని ఉంది, వచ్చెయ్యమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాడు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం తలుచుకుంటేనే కృపారావుకి దగ్గొచ్చేది. అందుకని ఆ చిన్న స్పీకర్లను తనే తయారు చెయ్యడం మొదలుపెట్టాడు. పూజ బోనస్ రోజుల్లో ఆ పన్నెండు ఇళ్ళు తన దగ్గర కొంటే కొట్టు నిలుస్తుంది. లేకపోతే తాళం వేసి టాటా బండెక్కాలి. భార్యాభర్తలు ఆ గడువుకి ఒప్పుకున్నారు.

హోలీ వెళ్ళిన వారం మొదటి జత తయారైంది. వరాహనరసింహం గారు కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చున్నారు. కృపారావు క్యాసెట్టు పెట్టబోయాడు.

“పాట తరవాత. ఖాళీ బండి కూడా చప్పుడు చెయ్యకూడదు. ఉత్తినే స్విచ్చెయ్యి.”

వేశాడు. ఆయన చెవి ఆనించారు. “ఇదేటోయ్, బ్రేకు పట్టీసిన చక్రంలాగ మూలుగుతోంది?” సిక్.

ఆయనకి ఎలక్ట్రానిక్స్‌లో ఓనమాలు రావు. వ్యాగన్ల జబ్బులు తప్ప వేరే జబ్బులు తెలియవు. కాని ఆయన చెప్పింది రైలు భాషలోంచి రేడియో భాషలోకి మార్చుకుంటే నిజమే. ట్రాన్స్‌ఫార్మరు మరీ దగ్గరగా పెట్టడం వల్ల వచ్చిన మూలుగు అది. కృపారావు దాన్ని దూరం జరిపాడు.

రెండోసారి మృదంగం దెబ్బకి పక్క చెక్క వణికింది. “లూజు కప్లింగు.” సిక్. లోపల అడ్డబద్ద వేశాడు. మూడోసారి రెండు గంటలు ఆపకుండా పాడించి, వెనక చెయ్యిపెట్టి “హాట్ యాక్సిలు! సగం దారిలో తగలబడిపోద్ది!” అన్నారు. గాలి ఆడే కన్నాలు పెట్టాడు. నాలుగోసారి కుడిపెట్టె గట్టిగా, ఎడమది మెల్లగా పలికింది. “ఒక చక్రం పెద్దది, ఒకటి చిన్నది. బండి కాలవలో దిగుద్ది.” ఐదోసారి, వానాకాలం మధ్యలో, ఏ వంకా లేదని కృపారావు గుండెమీద చెయ్యేసుకుని స్విచ్చి వేశాడు. పెట్టె ఠప్‌మంది.

“ఈ కుదుపుకి పైబెర్తు పాసింజరు కిందపడిపోడూ?” సిక్.

ఆ సాయంత్రం ఎమిలీ కొంగు బిగించుకుని రైల్వే క్వార్టర్ల కేసి నడిచింది.

“బాబుగారూ, మీకు మామీద కోపమేటి?”

“కోపమెందుకమ్మాయీ?”

“మరి ఐదుసార్లు సిక్ రాసినారు. ఒక్కసారి ఫిట్ రాసీస్తే మీ సుద్ద అరిగిపోద్దా?”

“అరగదు. సిక్‌కి నాలుగక్షరాలు, ఫిట్‌కి మూడే. ఫిట్టే చవక.”

“అయితే చవకదే రాసీండి!”

“ఠప్‌మని మోగింది కదమ్మా.”

“మా పెళ్ళిలో బ్యాండు కూడా ఠప్‌మనే మోగింది. అయినా కాపరం చేస్తన్నాం కదా!”

లోపల లలితాంబ నవ్వు ఆపుకోలేక గిన్నె జారవిడిచింది. ఆయన మాత్రం నవ్వలేదు. “ఆ ఠప్ తీయించు. అప్పుడు రాస్తాను” అన్నారు.

“టాటా ఎళ్ళిపోతాం, మీకు హాయిగా ఉంటాది! రాతిగుండె బాబూ మీది. ఓసారి తట్టి సూసుకోండి, డొల్లో గట్టిదో మీకే తెలుస్తాది” అనేసి ఎమిలీ గిర్రున తిరిగి వచ్చేసింది.

ఆమె వెళ్ళాక ఆయన నిజంగానే తట్టి చూసుకున్నారని లలితాంబ తర్వాత వీధంతా చెప్పింది.

ఠప్‌మనడానికి మందు కృపారావుకి తెలుసు. స్విచ్చి వేశాక రెండు క్షణాలు ఆగి స్పీకరును కలిపే చిన్న రిలే ఒకటి వెయ్యాలి. దానికోసం సాహా దాదా కొట్టుకి వెళ్ళాడు. అక్కడ బీరువా మీద కంపెనీ జత కనపడింది. పక్కన సుద్దతో తెల్లగా ‘సిక్’. పెద్ద కంపెనీకే తప్పలేదు కదా అని ప్రాణం కొంచెం కుదుటపడింది. దాని జబ్బు ఏమిటో తెలుసుకుంటే ఇంకా కుదుటపడుతుందనిపించి, ఒకసారి వినిపించమని అడిగాడు.

ఉత్తినే స్విచ్చి వేయించి విన్నాడు. మూలుగు లేదు. ఠప్ లేదు. పక్కలు తట్టాడు, గట్టిగా ఉన్నాయి. కుడి ఎడమ సమానం. చాలాసేపు పాడించి వెనక చెయ్యి పెట్టాడు, చల్లగా ఉంది. మళ్ళీ మొదటినుంచి వెతికాడు.

“ఏటి వెతుకుతున్నావ్ భాయ్?” అన్నాడు సాహా. తెలుగు ఖాతాదార్ల దగ్గర నేర్చుకున్న తెలుగు అతనిది.

“జబ్బు.”

“దీనికి జబ్బేటి? ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్. మీ సుద్ద బాబు ప్రతి ఆదివారం వస్తాడు, గంట వింటాడు. ‘బహుత్ అచ్ఛా సాహా, ఇంత బాగా ఎలా చేసినార్రా’ అంటాడు. లేచి సిక్ రాస్తాడు, వెళ్ళిపోతాడు.”

“నువ్వు ఊరుకుంటావా దాదా?”

“మొదట దెబ్బలాడినాను. ‘పూజలు వెళ్ళాక నువ్వే తుడిచెయ్, అందాకా మా తెలుగువాళ్ళకి చూపించకు’ అన్నాడు. ఎందుకని అడిగితే, ‘మావాడొకడు చేస్తున్నాడు, ఇంకా రెడీ అవలేదు’ అన్నాడు. పాగల్ బాబు!” సాహా నవ్వాడు. “నాకేం నష్టం లేదు. ఇందా పేట బెంగాలీలు వస్తే రాత గోడవైపు తిప్పి పెడతాను, కొనుక్కుని పోతారు. కొత్త జత వస్తే బాబు మళ్ళీ రాసి వెళ్తాడు.”

కృపారావు రిలే తీసుకోవడం మరిచిపోయి వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ముప్ఫై ఏళ్ళలో ఒక్క దొంగరాత రాయని మనిషి, ఇన్ని నెలలుగా ప్రతి ఆదివారం ఒకటి రాస్తున్నాడు. అంత చేసినవాడు తన పెట్టెకి ఒక దొంగ ‘ఫిట్’ రాసి పారెయ్యొచ్చు కదా? అది మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదో ఇంటికొచ్చి రిలే అతికిస్తుంటే అతనికి అర్థమైంది. పన్నెండు ఇళ్ళలో ఠప్‌మనే పెట్టెలు పెట్టిస్తే పదమూడో ఇల్లు ఉండదు.

“ఏటండీ, మీలో మీరు నవ్వుకుంటన్నారు?” అంది ఎమిలీ.

“ఏం లేదు. ఆ టంకం కడ్డీ ఇలాగివ్వు.”

మహాలయ అమావాస్య వెళ్ళిన మూడోనాడు బోనస్ చేతికొచ్చింది. ఆ సాయంత్రమే పన్నెండు ఇళ్ళవాళ్ళూ కృపారావు కొట్టు ముందు పోగయ్యారు. సుద్ద ఏ మాట రాస్తే అటు వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నారు. ఇవాళా ఫిట్ కాకపోతే దేవుడి మీద భారం వేసి గోల్‌బజార్‌కే పోతామని వెంకటరావు ముందే చెప్పేశాడు. ఎమిలీ సగం సర్దిన ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది.

వరాహనరసింహం గారు స్విచ్చి వేయించారు. నిశ్శబ్దం. చెవి ఆనించారు. నిశ్శబ్దం. నాలుగు పక్కలా తట్టారు. మృదంగం పాడించారు, కుడిచెవి పెట్టారు, ఎడమచెవి పెట్టారు. రెండు గంటలు కూర్చుని మూడు టీలు తాగి, వెనక చెయ్యి పెట్టారు. ఆపి, మళ్ళీ స్విచ్చి వేయించారు. ఠప్ రాలేదు. ఇంకోసారి వేయించారు. ఆయన ముఖంలో జబ్బు దొరకని డాక్టరు దిగులు కనిపించింది. ఆఖరికి జేబులోకి చెయ్యి పోనిచ్చి, మూడక్షరాలు రాశారు.

“నాకో జత!” అని వెంకటరావు అరిచిన అరుపుకి పక్క కొట్టువాళ్ళు బయటికొచ్చారు. పన్నెండు ఇళ్ళూ తలో జత చెప్పుకున్నాక, అరుపులు విని వచ్చిన పక్కవీధి వాళ్ళు ముగ్గురు కూడా చెప్పుకున్నారు. ఎమిలీ ట్రంకులోంచి చీరలు తీసి మళ్ళీ దండెం మీద వెయ్యడం మొదలుపెట్టింది.

అందరూ వెళ్ళాక కృపారావు ఉండబట్టలేకపోయాడు.

“బాబూ, సాహా దాదా కొట్లో కంపెనీ జత నేనూ విన్నాను. ఎంత వెతికినా జబ్బు దొరకలేదు. మీకేటి కనపడింది?”

వరాహనరసింహం గారు చేతికంటిన సుద్ద దులుపుకున్నారు.

“బిఫోర్ టైము.”

“ఏటి?”

“టైముకన్నా ముందొచ్చీసింది. మనూరి బండి ఇంకా ప్లాట్‌ఫారం మీదకి రాలేదు. ముందొచ్చిన బండిని ఏం చేస్తారు? ఔటర్‌లో ఆపుతారు. ఆపినాను.”

చీరలు దండెం మీద వేస్తున్న ఎమిలీ విషయం అర్థమై గుమ్మంలోకి వచ్చింది.

“ఆరు నెలలు ఔటర్‌లో నిలబెట్టీసినారా బాబుగారూ! లోపల పాసింజర్లు తిట్టుకోరేటి?”

“తిట్టుకున్నారమ్మాయీ” అన్నారు ఆయన, స్టూలు మీదనుంచి లేస్తూ. “అందరికన్నా ప్లాట్‌ఫారం మీద ఉన్నదానివి నువ్వే ఎక్కువ తిట్టినావు.”

ఎమిలీ నాలుక కరుచుకుని, నాలుగో టీ పెట్టడానికి లోపలికి పరిగెత్తింది.