ఒకే చెంబులో ఇద్దరి మందు

"ఏమే, ఈ నీళ్లు బిడ్డకు తాపుతావా? నోట్లో పెట్టుకుంటే ఊరగాయ ఊట మాదిరుండాది!"

"ఇద్దరు మేడమ్‌లు చెప్పిందే చేసినా అత్తా. పొద్దున నర్సమ్మ పొట్లంలో పొడి కలపమనె. మధ్యాన్నం జీపులో వచ్చినామె ఉప్పూ చక్కెరా కలపమనె. రెండూ కలిపితే బిడ్డ తొందరగా తేరుకుంటాదని..."

"రెండు పెండ్లిళ్ల కూడు ఒకే ఇస్తరాకులో ఏసుకుంటే బలమొస్తాదా, కడుపు చెడతాదా? పారబోయ్!"

"ఊరికే వచ్చింది పారేయగూడదని చెప్పిందెవురు? నువ్వే గదా!"

ఆ మాటా నిజమే. పిండేసిన చింతపండు పిప్పిని కూడా చెంబులు తోమడానికి దాచే మనిషిని నేను. కానీ ఏడాది నిండని మనవరాలికి తెల్లవారినప్పటి నుంచి విరేచనాలు. సాయంత్రమవుతున్నా ఉచ్చతో గుడ్డ తడపలేదు. కళ్లు లోతుకు పోయాయి. కోడలి చేతిలో చెంబు లాక్కుని నేనే వాకిట్లో పారబోశాను.

ఓర్వకల్లు దగ్గరి మా ఊళ్లో ఆ రోజులే వేరు. ప్రభుత్వం వాళ్లు లేచిపోగానే జీపులో వచ్చే స్వచ్ఛంద సంస్థ వాళ్లు మా అరుగు మీద కూర్చునేవారు. వీళ్ల బొమ్మల కాగితాన్ని సగం కప్పేస్తూ వాళ్లది అంటించేవారు. పొద్దున కడిగించిన చేతులనే మధ్యాహ్నం మళ్లీ కడిగించేవారు. సబ్బు ఇస్తారని మేమూ రెండుసార్లూ కూర్చునేవాళ్లం, చేటల్లో శనక్కాయలు ఒలుచుకుంటూ. "యాడికి పోయినా ఈ పొద్దు మన చేతులంత తెల్లంగా ఎవురికీ ఉండవు లేమ్మే!" అని పక్కింటామె అంటే అందరం పడీపడీ నవ్వేవాళ్లం. మూడో తరగతితో బడి మానేసిన నాకు అదే రెండో బడి. తర్వాత రోడ్డు వెడల్పు చేయడానికి అరుగు కొట్టేశారు. శనక్కాయలు ఇప్పుడు మిషన్‌లో ఒలిపిస్తున్నాం. కొత్త సబ్బు కాగితం విప్పినప్పుడల్లా ఆ ఆడవాళ్లంతా గుర్తొస్తారు.

ఆ సాయంత్రం ఫోన్ చేయగానే నర్సమ్మ స్కూటీ మీద వచ్చింది. లీటరు నీళ్లు కొలిచి ఒక్క పొట్లమే కలిపింది. చెంచాతో పోస్తుంటే బిడ్డ ఆశగా తాగింది.

"ఇంకేమీ కలపొద్దవ్వా. జీపులో వచ్చినామె చెప్పిందీ మంచిదే, కానీ రెండూ ఒకటే పని చేస్తాయి. ఏదో ఒకటే తాపాల. పాలు మానిపించొద్దు. తాగడం మానేస్తే అప్పటికప్పుడే ఆటో ఎక్కండి. తెల్లారేసరికి ఉచ్చ పోయకున్నా కర్నూలు పెద్దాసుపత్రికి పోవాల్సిందే."

కోడలు తెల్లారి కర్నూలు బస్సుకని సంచి సర్దిపెట్టింది. రాత్రంతా చెంచా ఒకరి తర్వాత ఒకరం పట్టుకున్నాం.

మరునాడు పొద్దున్నే మనవరాలు నా ఒడిలో ఉచ్చ పోసింది. కోడలు దాన్ని ఎత్తుకుని పాలిచ్చింది. నేను చీర మార్చుకుని వచ్చి, సంచిలోని బట్టలు తీసి దండెం మీద వేశాను.