బరువెత్తుకుని నడిచిన దారి

"బండెక్కడ ఆపేవే?"

"గట్టి నేల మీదే ఆపేను మావయ్యా."

"అయితే పర్లేదు. భోంచేసి ఎల్లు."

మా మావయ్యా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు ఇవే. అప్పటికి ఆయన పోర్ట్ బ్లెయిర్‌లో, బతు బస్తీలో కూతురింట్లో మంచం మీద ఉన్నాడు. నేను ఈ దీవుల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్ నుంచి చూడ్డానికి వెళ్లాను. పిల్లలెలా ఉన్నారనీ అడగలేదు, తన ఒంట్లో ఎలా ఉందో చెప్పనూ లేదు. బండి గురించే అడిగాడు. సరే, భోంచేసి వచ్చేశాను. మళ్లీ వెళ్లేసరికి ఆయనకు మాట పడిపోయింది.

నాకు బండి నేర్పింది ఆయనే. అయితే అసలు సంగతి నేర్పింది స్టీరింగు దగ్గర కాదు, తన భుజాల మీద. ఆ రోజు గురించి చెబుతున్నాను, మా కోడలు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వరకే వచ్చు. ఈ పిల్ల టెక్కలి వైపు నుంచి వచ్చింది కనుక తెలుగు చక్కగా రాస్తుంది. ఇక్కడ పుట్టిన నా పిల్లలు తెలుగులో పోట్లాడగలరు గానీ రాయలేరు.

నా చిన్నప్పుడు మేము ఉండే బస్తీ డిగ్లీపూర్ బజారుకి దూరంగా, పొలాల అవతల ఉండేది. చుట్టూ బెంగాలీ రైతులు, మధ్యలో మాదీ పక్కింటివాళ్లదీ తెలుగు ఇళ్లు. మాకు ఒక కొట్టు, మా మావయ్యకు ఒక జీపు. మిలిటరీ వాళ్లు వాడి వాడి వేలంలో అమ్మేసిన జీపు అది. నాకంటే వయసులో చాలా పెద్దది. పైన టాపు చిరుగులు, కింద రేకు తుప్పు. కానీ దానికి ఫోర్ వీల్ ఉండేది. పెద్ద గేరు పక్కన ఒక చిన్న గేరు కర్ర ఉండేది. అది వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. బస్తీలో ఎవరికి ఏ అవసరమొచ్చినా ఆ చిన్న గేరు మీదే ఆశ.

మా మావయ్య ఆ బండిని చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఓడలు ఆగే జెట్టీ వైపు వెళ్లి వచ్చిన ప్రతిసారీ వాన నీళ్లతో కింద భాగం అంతా కడిగేవాడు, ఉప్పుగాలి రేకును తినేస్తుందని. ఆరాక పాత ఇంజను ఆయిలు బ్రష్షుతో పూసేవాడు. చలికాలం వస్తే ఇంకో పని పెరిగేది. ఇక్కడ చలి అంటే కొండల మీది చలి కాదు. పొద్దున్నే దుప్పటి వదలబుద్ధి కాదు, అంతే. కానీ మంచు బాగా కురుస్తుంది. ఆ తడికి ఇంజను దగ్గుతుంది. అందుకని సాయంత్రం ఇంజను మీద, ప్లగ్గులకు కరెంటు పంచే డెల్కో మూత ఊడదీసి తెచ్చి మా పొయ్యి గట్టు మీద పెట్టేవాడు. పొద్దున్నే మా అమ్మ అన్నం గిన్నె కంటే ముందు ఆ నల్ల మూతను జరపాల్సి వచ్చేది. "నీ బండికి కూడా నేనే వండిపెట్టాలేటిరా" అని మా అమ్మ, "ఉప్పు తగ్గించు అక్కా, దానికి పడదు" అని ఆయన. రోజూ ఇదే.

పక్కింటి అక్కకి పోర్ట్ బ్లెయిర్‌లో నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది ఆ చలికాలంలోనే. మా బస్తీ నుంచి ఆడపిల్ల చదువుకోసం ఓడెక్కడం అదే మొదలు. అప్పటికి మాకు పోర్ట్ బ్లెయిర్‌కి రోడ్డు లేదు. ఓడ తప్పితే మళ్లీ ఓడ ఎప్పుడొస్తుందో సముద్రం చెప్పాలి. గడువులోగా చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ముందే చెప్పారు. ఓడ వచ్చే రోజు అక్క రేకు పెట్టె సర్దుకుని, పొద్దున్నే జడ వేసుకుని, మా గుమ్మం ముందు నిలబడింది. నేను కూడా వస్తానని ఏడిస్తే నన్నూ ఎక్కించుకున్నారు.

బండి స్టార్ట్ కాలేదు. మూత వెచ్చగానే ఉంది, బ్యాటరీయే ముసలిదైపోయింది. ముందు నుంచి ఇనప హ్యాండిల్ పెట్టి తిప్పాలి. అక్క వాళ్ల నాన్న, మాకు పెదనాన్న వరస, ఆత్రంగా వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాడు. మా మావయ్య ఆయన చెయ్యి మీద ఒక్కటి వేశాడు.

"బొటనేలు ఇటు తియ్యి భయ్యా. ఇంజను ఎనక్కి తన్నిందంటే ఏలు ఇరుగుద్ది. అమ్మాయి ట్రైనింగుకి ఎల్లకముందే మొదటి రోగివి నువ్వవుతావు."

అక్క నవ్వింది. ఆ పొద్దున ఆమె నవ్వింది ఆ ఒక్కసారే. చాలాసేపు తిప్పాక బండి దగ్గి, తుమ్మి, అందుకుంది. కానీ పొద్దెక్కిపోయింది.

పెద్ద రోడ్డు మీది కల్వర్టు వానలకు కొట్టుకుపోయింది కాబట్టి పొలాల మధ్య బండ్లబాటే దిక్కు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు వానాకాలంలో బురదలో దిగబడేవాళ్లు తక్కువ. బురద కనిపిస్తుంది కాబట్టి అందరూ జాగ్రత్తగా ఉంటారు. దిగబడేది చలికాలం మొదట్లోనే. వానలు వెళ్లిపోతాయి, ఎండ కాస్తుంది, పైమట్టి అప్పడంలా ఎండి బీటలు తీస్తుంది. చూస్తే దుమ్ము కూడా లేస్తుంది. కింద మాత్రం గంజి. ఆ అప్పడాన్ని నమ్మి ఎద్దుల బండ్లు, ట్రాక్టర్లు ఎన్ని కూలబడ్డాయో. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు నమ్ముతూనే ఉంటారు.

బాట మొదట్లో మా మావయ్య బండి ఆపాడు, ఇంజను ఆపలేదు.

"ఆపేవేటి?" అన్నాడు పెదనాన్న. "ఎండిపోనాది గదా. చలో, చలో."

"సూద్దాం భయ్యా."

"సూడ్డానికేటుంది? పిల్లను పరిగెత్తించు, తెలిసిపోద్ది."

నేను దిగి పరిగెత్తాను. బాట చివరిదాకా పోయి వచ్చాను. నా కాలికి మట్టి కూడా అంటలేదు. "సూసేవా" అన్నాడు పెదనాన్న, తనే పరిగెత్తి వచ్చినట్టు.

మా మావయ్య చెప్పులు విప్పాడు, పంచె ఎగ్గట్టాడు. నా ముందు గొంతుక్కూర్చుని "ఎక్కు" అన్నాడు. నేను ఆయన భుజాల మీద ఎక్కి జుట్టు పట్టుకున్నాను. అలా నన్ను మోస్తూ ఎడమ చక్రం వెళ్లే గాడిలో నడవడం మొదలుపెట్టాడు. ఒక్కో అడుగు వేసి, ఆ ఒంటికాలి మీదే కాసేపు నిలబడి, తర్వాతే రెండో కాలు ఎత్తేవాడు. కొంగ నడిచినట్టు నడుస్తున్నాడు. వెనక నుంచి పెదనాన్న గొంతు వినిపిస్తూనే ఉంది.

"ఓడ అక్కడ నీ కోసం కూకుంటాదేటిరా? పిల్ల ఎల్లి వొచ్చినాది గదా."

"పిల్ల ఒట్టినే ఎల్లింది భయ్యా. ఒట్టినే ఎల్లినోళ్లకి నేల అబద్ధం సెప్తాది. బరువెత్తుకుని ఎల్లి అడగాల."

అంతలోనే ఆయన కాలు పిక్క దాకా దిగిపోయింది. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. పైకి ఏ తేడా లేదు, అదే ఎండిన మట్టి, అవే బీటలు. ఇందాక నేను పరిగెత్తిన చోటే అది. ఆయన కాలు లాక్కుని, పక్కకు జరిగి, మళ్లీ నిలబడి చూశాడు. అక్కడ కాలు దిగకుండా ఆగింది. నా చేతికి వెదురు పుల్లలు ఇచ్చి ఉంచాడు, గట్టి చోటుకి గుర్తుగా ఒకటి వంగి గుచ్చమన్నాడు. నేను తలకిందులుగా వేలాడి గుచ్చాను.

అప్పుడు అక్క బండి దిగింది. రేకు పెట్టె దింపుకుని నెత్తిన పెట్టుకుంది. చెప్పులు సీటు కింద పడేసింది.

"నువ్వెక్కడికే?" అన్నాడు వాళ్ల నాన్న.

"రెండో చక్రం గాడి ఎవరు చూస్తారు నాన్నా?" అంది.

ఓడ కోసం ఇస్త్రీ చేయించుకున్న చీర అది. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, కుడి గాడిలో మా పక్కనే నడిచింది. మా మావయ్య నడిచినట్టే, ఒంటికాలి మీద ఆగి ఆగి. ఒకచోట మోకాలి దాకా దిగిపోయింది. పెట్టె ఊగింది. వాళ్ల నాన్న కేక పెట్టి వచ్చేస్తున్నాడు. మా మావయ్య వెనక్కి చూడకుండానే "ఆగు భయ్యా, తనే తీసుకుంటాది" అన్నాడు. అక్క కాలు తీసుకుంది. పక్కన తడిమింది. గట్టి చోటు దొరికింది. "ఇక్కడ బాగుంది మావయ్యా" అని చెప్పింది, అచ్చం అంగడిలో కూరగాయ నొక్కి చూసి చెప్పినట్టు.

ఆ తర్వాత పెదనాన్న కూడా పనిలోకి దిగాడు. గట్టు మీద పడి ఉన్న కొబ్బరి మట్టలు తనే ఈడ్చుకొచ్చి మెత్తటి చోట్ల పరిచాడు. మా మావయ్య చక్రాల్లో గాలి కొంచెం తీశాడు, చక్రం వెడల్పుగా పరుచుకుని నేలను ఎక్కువ పట్టుకుంటుందని. అప్పుడు, ఇంకా గట్టి నేల మీద ఉండగానే, చిన్న గేరు వేశాడు. దిగబడ్డాక వేసే గేరు కాదది. చాలామంది అక్కడే తప్పుతారు.

బండి నడకకంటే నెమ్మదిగా కదిలింది. ఇంజను మూలుగుతోంది. పుల్లల పక్క నుంచి, మట్టల మీద నుంచి పోతున్నాం. మధ్యలో వెనక చక్రం ఒక్కసారి జారి ఒక పక్కకి ఒరిగింది. ఎవరైనా అయితే ఆక్సిలేటరు తొక్కేసేవాళ్లు. ఆయన కాలు తీసేశాడు. ఒక్క జానెడు వెనక్కి పోనిచ్చి, మళ్లీ ముందుకు తెచ్చాడు. చక్రం మట్టను అందుకుంది. అక్క నా చెయ్యి పట్టుకుని ఉంది, ఆమె చెయ్యి నిండా మట్టి.

జెట్టీ చేరేసరికి ఓడ మెట్లు తీయబోతున్నారు. అక్క మోకాళ్ల దాకా బురదతో ఎక్కింది. మెట్ల దగ్గర ఉన్న ఓడ మనిషి ఆ కాళ్లు చూసి "దీదీ, ఖేత్ సే ఆయీ హో క్యా?" అని, పొలం నుంచే వస్తున్నావా అన్నట్టు నవ్వాడు. "హా భయ్యా, సీదా ఖేత్ సే" అంది అక్క, తలెత్తి. వాళ్ల నాన్న ఓడ కనబడినంత సేపూ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఓడ మలుపు తిరిగాక మా మావయ్య వైపు తిరిగి, "పిల్లకి నడక నేర్పేసేవురా" అన్నాడు. "నానేటి నేర్పేను, పెట్టె తనే ఎత్తుకుంది గదా" అన్నాడు మా మావయ్య. అక్క నర్సయి, ఈ దీవుల్లో ఎన్ని చోట్ల పనిచేసిందో, ఎన్ని కాన్పులు చూసిందో. నా పెద్దకొడుకును చేతుల్లోకి తీసుకున్నది కూడా ఆమే.

నేను బరువు ఎత్తుకోవాల్సిన రోజు నాకూ వచ్చింది. మా ఆయన లోపలి ఊళ్లకు జీపులో సామాను సప్లై చేసేవాడు. ఆయన పోయాక ఇంటి నిండా సలహాలు. మా మరిది, "వదినా, ఆ పని ఆడవాళ్లది కాదు, బండి అమ్మేయ్" అన్నాడు. ఇంకొకరు, "నీకేం, ఇట్టే చేసేస్తావు" అన్నారు. నేను ఇద్దరి మాటా వినలేదు. బండి నిండా బస్తాలు వేసి, అన్నింటికంటే దూరపు ఊరికి, అన్నింటికంటే పాడు దారిలో నేనే తోలుకుని వెళ్లాను. నేనే దింపాను. రెండు చోట్ల దిగబడ్డాను, పైకి తీసుకున్నాను. తిరిగొచ్చి, "చేస్తాను" అని చెప్పాను. అప్పటి నుంచీ చేస్తూనే ఉన్నాను. ఇప్పుడున్న జీపు కూడా ముసలిదే. నాలాగే పొద్దున్నే కొంచెం దగ్గుతుంది, తర్వాత ఎంత దూరమైనా వెళుతుంది.

ఒట్టి చేతులతో పోయివచ్చి దారి బాగుందనే వాళ్లను నేను నమ్మను. గట్టు మీద నిలబడి దారే లేదనే వాళ్లనూ నమ్మను. నా బరువు నేను ఎత్తుకుని, ఒక్కో కాలు ఆనించి, నేలనే అడుగుతాను. అది నాతో ఇప్పటిదాకా అబద్ధం చెప్పలేదు.

చాల్లే కోడలా, కలం పెట్టు. చెయ్యి నొప్పెడితే కాసేపు నులుముకో. ఆ తర్వాత మొదటి నుంచి ఒక్కసారి చదివి వినిపించమ్మా. తొందరపడకుండా చదువు. నేను అనని మాట ఏదైనా ఉంటే అక్కడే ఆపుతాను.