నీలం తాడు సాక్ష్యం

ఓక్‌రాన్ ఇరవై ఏడేళ్లు కోర్టులో సాక్షుల మాటలు టైపు చేసింది. జడ్జీలు మారారు, లాయర్లు మారారు. ఆమె మాత్రం అదే మూలన కూర్చుని, ఎవరేమన్నా అక్షరం పొల్లుపోకుండా ఎక్కించేది. రిటైరై సియోల్‌లో ఒక్కతీ ఉంటున్నప్పుడు చేరిమ్ అనే టీవీ రచయిత్రి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. కొత్తగా పట్టా పుచ్చుకున్న లాయర్ల మీద సీరియల్ రాస్తోందట, కోర్టు సీన్లు చూసిపెట్టాలట.

"మీ కుర్ర లాయర్లు అన్నేసి కేకలేస్తారేంటమ్మా? నిజంగా అలా అరిస్తే జడ్జిగారు బయటికి పంపించేస్తారు," అంది ఓక్‌రాన్ మొదటిరోజే.

"అరవకపోతే జనం చానల్ మార్చేస్తారు పెద్దమ్మా."

ఒక మధ్యాహ్నం ఇద్దరూ నూడుల్స్ తింటుండగా, ఎవరికీ చెప్పని సంగతొకటి ఓక్‌రాన్ నోరు జారి చెప్పేసింది. ఇరవై ఏళ్ల కిందట ఒక గోదాం తగలబడి, లోపల ఒక కూలీ చనిపోయాడు. నేరం కాపలాదారు మాన్‌సిక్ మీద పడింది. మంటలు ఆరాక, తెల్లారాకే వచ్చానని చెప్పిన యజమాని గితెక్ బోనులో నిలబడి, తలుపు గడియకి నీలం తాడు కట్టి ఉందన్నాడు. ఆ తాడు అప్పటికే మాడి నల్లబడిపోయింది. దాని రంగు అతనికెలా తెలుసు? ఓక్‌రాన్ వేళ్లు ఆగాయి. మాన్‌సిక్‌కి ప్రభుత్వం పెట్టిన లాయరుకి అదే మొదటి కేసు. అతను తల వంచుకుని కాగితాలు తడుముకుంటున్నాడు. టైపు చేసేవాళ్లు మాట్లాడకూడదు. ఆమె మాట్లాడలేదు. మాన్‌సిక్ పదకొండేళ్లు జైల్లో ఉన్నాడు.

చేరిమ్ అడక్కుండానే దాన్ని రాసేసింది. ఐదో భాగంలో, మొదటి కేసు వాదిస్తున్న లాయరమ్మాయి లేచి, "ఆ తాడు నీలమని మీకెలా తెలుసు?" అంది. అన్నం తింటూ చూస్తున్న ఓక్‌రాన్ గిన్నె పక్కన పెట్టి చేరిమ్‌కి ఫోన్ చేసింది.

"పేర్లు మార్చాను కదా పెద్దమ్మా, ఊరూ మార్చాను. ఎవరికి తెలుస్తుంది?" అంది చేరిమ్ ఫోన్లో.

తెలియాల్సినవాడికి తెలిసింది. సలహాదారుగా ఓక్‌రాన్ పేరు సీరియల్ చివర రోజూ పడుతూనే ఉంది. వారం తిరక్కుండా పంపినవాళ్ల పేరు లేని పియర్ పళ్ల పెట్టె ఒకటి గుమ్మంలోకి వచ్చింది. తర్వాత ఫోన్లు. ఎత్తితే అవతల మాట ఉండదు, ఊపిరి మాత్రం వినిపిస్తుంది.

తొమ్మిదో రోజు బజారు నుంచి వస్తుంటే, ఇంటి ముందు బల్ల మీంచి ఒక పెద్దాయన లేచాడు. జుట్టు నెరిసినా గితెక్‌ని ఆమె పోల్చుకుంది.

"ముల్లంగి బరువుగా ఉన్నట్టుంది, ఇలా ఇవ్వండి." సంచీ ఆమె చేతిలోంచి తీసేసుకున్నాడు. "సీరియల్ బావుంది. ఆ మూల కూర్చున్నది మీరే కదూ?"

"చాలా కేసులు టైపు చేశాను. గుర్తుండవండీ."

"అదే మంచిది. మూడో అంతస్తులో ఒక్కరే ఉంటారట కదా. మెట్ల మీద లైటు వెలగట్లేదు, జాగ్రత్త." సంచీ తిరిగిచ్చి రెండడుగులు వేసి ఆగాడు. "మీవాళ్లు ఒక్క ముడే చూపించారు. ఒక్క ముడైతే లోపల్నించి నాలుగు తన్నులు తంతే ఊడిపోదూ? ఆ రాత్రి రెండేశారు."

ఓక్‌రాన్ మెట్లెక్కి తలుపు గడియ పెట్టుకుంది. చెప్పులైనా విప్పకుండా ఆ మాటలన్నీ టైపు చేసి, కింద తేదీ, టైము వేసింది.

మర్నాడు దాన్ని ఉచిత న్యాయ సహాయం ఆఫీసుకి పట్టుకెళ్లింది. అక్కడి లాయరమ్మాయికి ఆ పనిలో అది రెండో ఏడు. "ఈ కాగితం ఒక్కటే చాలదండీ," అంటూనే పాత ఫైలు తెప్పించింది. అందులో కోర్టుకి ఎప్పుడూ చూపించని పోలీసు ఫోటో ఒకటుంది. గడియకి కరిగి గట్టిపడిన నల్లటి ముళ్లు, ఒకదాని మీద ఒకటి, రెండు.

కేసు తిరగదోడాలంటే ఇక మాన్‌సిక్ సంతకం కావాలి. అతను చేపల మార్కెట్లో కానాగంతలు శుభ్రం చేస్తున్నాడు. ఆమె ఎవరో చెప్పబోతే ఆపాడు.

"తెలుసు. ఆ రోజు టైపు చప్పుడు ఆగిపోతే తలెత్తి చూశాను. మీరూ నన్ను చూశారు. మళ్లీ మొదలెట్టేశారు."

ఆమె కాగితం తీసి అతని ముందు పెట్టింది. అతను కత్తి పక్కన పెట్టి, చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్ది కడుక్కుని సంతకం పెట్టాడు.

కేసు మళ్లీ విచారించమని చలికాలంలో ఉత్తర్వు వచ్చింది. ఆ రోజే గితెక్ ఇంటికి తాళం వేసి ఎటో వెళ్లిపోయాడు. పోలీసులు వెతుకుతున్నారు. ఇల్లు మారమని చేరిమ్ ఏడ్చినంత పని చేసినా ఓక్‌రాన్ వినలేదు, తలుపుకి ఇంకో గడియ మాత్రం వేయించింది. వసంతంలో వాయిదా. ఈసారి బోనులో నిలబడి మాట్లాడాల్సింది ఆమే.

అంతవరకూ పొద్దున్నే ఏడింటికి మాన్‌సిక్ ఫోన్ చేస్తాడు.

"ఉన్నారా?"

"ఉన్నాను."

ఫోన్ పెట్టేస్తాడు.