స్టేషను పుస్తకం, పెద్ద పుస్తకం

ఎనభైల చివర్లో తాండూరులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ కంప్యూటరు గదిలో పనిచేసేదాన్ని. ఆ గదిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి ఎవరో ఒకరు గుర్తుచేయని రోజు లేదు. కొత్త రకం ప్రోగ్రామింగు మీద ఒక జిరాక్సు పుస్తకం నా చేతిలో పెట్టి, శనివారం అందరికీ అర్థమయ్యేలా చెప్పమన్నారు మా ఆఫీసరు. చెప్పగలిగితే కొత్త ప్రోగ్రాముల పని నాకే. లేకపోతే హైదరాబాదు నుంచి ఎవరినో తెప్పిస్తారు.

ఇన్‌హెరిటెన్సు, పాలీమార్ఫిజం అన్న మాటలు నోటికి వచ్చాయి గాని తలకెక్కలేదు. ఉదాహరణకని ఫ్యాక్టరీకి వచ్చే లారీకి, ట్రాక్టరుకు, రైలు వ్యాగనుకు తూకం లెక్క ప్రోగ్రాము మూడుసార్లు మొదటినుంచి రాశాను. రెండింటిలో దిద్దిన తప్పు మూడోదాంట్లో దిద్దడం మరిచిపోయాను. శుక్రవారం సాయంత్రం ఇంట్లో అదే మళ్లీ రాస్తుంటే ఏడుపొచ్చింది.

మా నాయిన రైల్వేలో పాయింట్స్‌మన్, బండ్లకు పట్టాలు మార్చే చిన్న ఉద్యోగం. వికారాబాదు జంక్షన్‌లో ఏళ్ల తరబడి చేసి తాండూరుకు బదిలీ మీద వచ్చాడు.

"ఒక్కటే ముచ్చట మూడుసార్లు ఎందుకు రాస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు.

"మూడు వేరే వేరే బండ్లు గద నాయినా."

"నేను గీడికొచ్చినంక నాకు రైల్వే మొత్తం మల్ల నేర్పిన్రా? అన్ని స్టేషన్లకు రూల్సుల పెద్ద పుస్తకం ఒక్కటే. తాండూర్ పుస్తకంల తాండూర్‌కు వేరేగున్నదే రాస్తరు. ముందుగాల గది సూడాలె. అండ్ల లేకుంటె పెద్ద పుస్తకం. సదివి సంతకం పెట్టినంకనే డ్యూటీ ఇచ్చిన్రు."

పెన్సిలు కింద పెట్టేశాను. "మరి పక్క స్టేషన్‌కెల్లి బండి పంపుతున్నమని ఫోన్‌ల చెప్పెటోళ్లకు ఏ స్టేషన్ల ఎట్లనో తెల్వాలె గద?"

"ఎందుకు? బండొస్తున్నది తీస్కో అంటరు, గంతే. వికారాబాద్‌ల వాళ్ల తీరు, గీడ మా తీరు."

వారమంతా పుస్తకంలో వెతికింది ఆ రెండు ముక్కల్లో దొరికింది. నాకు అన్నం కూడా గుర్తు రాలేదు, కూర్చుని అంతా కొట్టేసి కొత్తగా రాశాను.

శనివారం బోర్డు మీద పైన 'బండి' అని రాసి, కింద మూడు బండ్లూ రాశాను. అందరికీ ఒకటే అయిన లెక్క పైన, తేడాలు మాత్రమే కింద, ఇదే ఇన్‌హెరిటెన్సు అన్నాను. 'తూకం వెయ్యి' అని ఒక్కమాట అంటే చాలు, ఏ బండి తీరు దానిదే, అది పాలీమార్ఫిజం అని చెప్పాను. ఎవరూ అడ్డు ప్రశ్న వేయలేదు. పని నాదేనన్నారు ఆఫీసరు. "పుస్తకంలో ఇంత సులువుగా లేదమ్మా, ఎవరు నేర్పారు?" అని కూడా అడిగారు.

అప్పటిదాకా ఆఫీసులో ఎవరడిగినా నాన్నది రైల్వే ఉద్యోగమని చెప్పి ఊరుకునేదాన్ని.

"మా నాయిన సార్. ఇక్కడి స్టేషన్లో పాయింట్స్‌మన్" అన్నాను, వెనక బెంచీ దాకా వినబడేలా.