హాట్‌ప్లేట్ నాబ్ ఎవరి కోసం తిప్పాను

2022 జనవరిలో, దుబాయ్‌లో నేను పనిచేస్తున్న హోటల్‌వాళ్లు ఒక చిన్న వంటగదిని వేరుచేసి, దాని పరిశుభ్రత బాధ్యత కూడా నాకే అప్పగించారు. నా హోదా హైజీన్ ఆఫీసర్. వంట చేయను, వడ్డించను. వంటవాళ్లు చేసినదాంట్లో థర్మామీటర్ గుచ్చి అంకె రాసుకుంటాను. ఇరవై ఆరేళ్లు చేసిన పని అదే. నేను తలుపు తీసుకుని లోపలికి వస్తే వంటగదిలో ఎవరైనా సంతోషించిన గుర్తు లేదు.

ఆ చిన్న వంటగది యూదు అతిథుల కోసం. వాళ్ల ఆహార నియమాలు తెలిసిన పర్యవేక్షకుడు దగ్గరుండి చూస్తేనే వాళ్లు ఆ వంట తింటారు. మాకు వచ్చిన పర్యవేక్షకుడి పేరు మోషే. అరవై దాటిన నెమ్మదైన మనిషి. ఆకుకూరను దీపానికి ఎదురుగా పట్టుకుని పురుగు కోసం వెతికేవాడు. గుడ్లు ఒక్కొక్కటే గాజుగ్లాసులో కొట్టించి, రక్తపు చుక్క కనిపిస్తే పారబోయించేవాడు. పొయ్యి తనే వెలిగించేవాడు. నాకన్నా ఎక్కువగా విసిగించే మనిషి వంటగదిలోకి రావడం నాకు కొంత ఊరట.

ఆ నెలాఖరులో ముప్ఫై నలుగురు బంధువులు కలిసి ఒక శనివారం గడపడానికి మా హోటల్‌కి వచ్చారు. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్లకు సబ్బాతు. ఆ సమయంలో నిప్పు రాజేయకూడదు, వండకూడదు, స్విచ్ ముట్టుకోకూడదు. అయినా శనివారం మధ్యాహ్నం వేడి భోజనం తినాలి. అందుకని శుక్రవారమే వండి, పొద్దుగూకకముందే హాట్‌ప్లేట్ మీద పెట్టి, మర్నాటిదాకా అలాగే ఉంచుతారు. బీన్సు, బార్లీ, బంగాళాదుంప, మాంసం కలిపి రాత్రంతా మగ్గనిచ్చే వంటకం అది. మా వంటవాడు మస్తాన్‌ది నెల్లూరు. శుక్రవారం మూత తీసి వాసన చూసి, “ఏముండాది సార్ ఇందులో, మన హలీమ్‌కి తమ్ముడే” అన్నాడు.

గురువారంనాడే మోషే నన్ను కూర్చోబెట్టి రెండు విషయాలు చెప్పాడు. ఒకటి, సబ్బాతు మొదలయ్యాక మా కోసం ఎవరూ హాట్‌ప్లేట్ వేడి పెంచే నాబ్ తిప్పకూడదు. తిప్పమని నేను అడగకూడదు. మా కోసమే తిప్పి వేడి చేస్తే అది మేం తినలేం. రెండు, మీ ఉద్యోగ నియమం ప్రకారం మీ కోసం మీరు చేసుకునే పనికి నేను అడ్డు రాను. రెండోది మర్యాదకు అన్న మాట అనుకున్నాను. మొదటిదాన్ని మాత్రం ఇంగ్లీషు, హిందీ, అరబిక్, తెలుగు భాషల్లో కాగితం మీద రాసి, శుక్రవారం హాట్‌ప్లేట్ పైన గోడకు అంటించాను. “నాబ్ ముట్టుకోరాదు. హైజీన్ ఆఫీసర్ ఆజ్ఞ.”

శనివారం పొద్దున ఆరింటికి రౌండుకు వెళ్లేసరికి కుండ మూత మీద రెండు మందపాటి తువ్వాళ్లు మడతపెట్టి ఉన్నాయి. ఆహారం ఉన్నచోట గుడ్డ ఉండకూడదన్నది నేనే రాసిన నియమం. తీయించేశాను. వేడి నిలబడడానికి మోషే పద్ధతి ప్రకారం ముందురోజే కప్పిన గుడ్డలవి. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. చెప్పడానికి ఆయన అక్కడ లేడు, ప్రార్థనలో ఉన్నాడు.

వేడిగా ఉంచే ఆహారం అరవై డిగ్రీలకు తగ్గకూడదు. తగ్గితే, చివరిసారి సరిగ్గా ఉన్న అంకె దగ్గర్నుంచి రెండు గంటల్లోపు మళ్లీ వేడి చేయడం మొదలుపెట్టి డెబ్బై ఐదుకు తేవాలి. ఆ గడువు దాటితే చెత్తబుట్టే. తొమ్మిదింటికి గుచ్చితే అరవై ఒకటి. పదింటికి యాభై ఏడు. అంటే పదకొండు దాకా గడువు.

ఆ గుడ్డలెందుకో అప్పుడు అర్థమై, తువ్వాళ్లు మళ్లీ కప్పమన్నాను మస్తాన్‌తో. “వద్దు సార్, సబ్బాతులో కొత్తగా కప్పకూడదని మోషే సాబ్ నిన్ననే చెప్పిండాడు. మీరు అప్పుడు కాగితం అంటిస్తా ఉన్నారు” అన్నాడు. తర్వాత గడియారం చూసి, “ఖలాస్ సార్. ముప్ఫై నలుగురికీ రొట్టె, దోసకాయ ముక్కలు” అన్నాడు. అతని గొంతులో అంత బాధేమీ వినిపించలేదు.

పదిన్నరకు మోషే వచ్చాడు. థర్మామీటర్ వైపు చూడలేదు. గుడ్డలు లేని మూతను చూశాడు. గోడ మీది కాగితాన్ని పైనుంచి కిందిదాకా, తనకు రాని తెలుగుతో సహా, చదివినట్టు చూశాడు. కుండ యాభై ఏడులో ఉందని చెప్పాను. ఆయన తలూపాడు. ఏం చేయమంటారని అడిగాను. నేను ఏమీ అననని మెల్లగా చెప్పాడు. నా వైపు కాకుండా కుండ వైపు తిరిగి, గురువారం నేను రెండు విషయాలు చెప్పాను, గోడ మీద మాత్రం ఒకటే కనిపిస్తోంది అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

అదేదో నా చేతిరాత గురించిన విమర్శ అనుకున్నాను. రెండోదీ రాసి అంటిస్తానని మాటిచ్చాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

గిన్నెలు కడుగుతున్న సత్యవతి నీళ్లు కట్టేసింది. రాజోలు దగ్గర మనిషి. ఇక్కడికి దగ్గర్లోని కల్బా అనే ఊళ్లో ఇళ్లలో పనిచేసి మా హోటల్‌కి వచ్చింది.

“సార్, ఆయన మీతోనే చెప్తన్నారండి.”

“కుండతో చెప్తున్నాడు కదమ్మా.”

“మా అత్త నాతో రెండేళ్లు మాటాళ్లేదండి. కాఫీ కావాలంటే కోడిపెట్టతో చెప్పేది. ‘ఏమే, ఈ ఇంట్లో కాఫీ అనేది ఉందంటావా?’ అని. నేను పెట్టిచ్చేదాన్ని. కోడికి ఇవ్వలేదు కదండీ!”

మస్తాన్ నవ్వాపుకోలేక ఫ్రిజ్ వైపు తిరిగాడు. నేను రెండో విషయాన్ని అప్పుడు గుర్తుచేసుకున్నాను. నియమం నాది. గడువు నాది. ఆ కుండను పారబోస్తే రిజిస్టర్‌లో కారణం రాయాల్సిందీ నేనే. ఆ కారణం నేను తీయించిన తువ్వాళ్లు. పదకొండుకు పది నిమిషాలుండగా నా ఆజ్ఞాపత్రం కిందనుంచి చెయ్యి పెట్టి నాబ్ తిప్పాను. మోషే ఆ సమయానికి కిటికీలోంచి పార్కింగ్‌ను శ్రద్ధగా చూస్తున్నాడు.

పన్నెండుంపావుకు డెబ్బై ఆరు వచ్చింది. అంకె రాసుకున్నాను. అప్పుడు మోషే దగ్గరికొచ్చి, అంతసేపూ లేని గంభీరతతో, నాబ్ ఎవరి కోసం తిప్పారని అడిగాడు.

హోటల్ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఈ ప్రశ్నకు జవాబు నేర్పిస్తారు. కుర్చీ జరిపినా, నేల తుడిచినా, ఎందుకని అడిగితే “మా అతిథుల కోసం సార్” అనాలి, చిన్న చిరునవ్వుతో. నేనే కొన్ని వందలమందికి నేర్పాను. చిరునవ్వు ముందే వచ్చేసింది. “మా అ...” అన్నాను.

వెనక సింకులో పెద్ద గరిటె పడింది. సత్యవతి దాన్ని తీస్తూ, ఎవరితోనో అన్నట్టు, “ఏమే కోడిపెట్టా, ఆ అన్నం వాళ్ల నోట్లోకి వెళ్లాలా, చెత్తబుట్టలోకా?” అంది.

చిరునవ్వు తీసేశాను. “మా రిజిస్టర్ కోసం” అన్నాను. అరవైకి తగ్గితే వేడి చేయాలి లేదా పారేయాలి, పారేస్తే తప్పు నాదని రాయాలి, అది రాయడం ఇష్టం లేక తిప్పాను అని ఉన్నదున్నట్టు చెప్పాను. అంతకన్నా మర్యాద తక్కువైన జవాబు నా ఉద్యోగంలో ఎప్పుడూ చెప్పలేదు. మోషే ముఖం విప్పారింది. “చాలా మంచిది” అని, వడ్డించమని మస్తాన్‌కి సైగ చేశాడు.

భోజనాలయ్యాక కుండ ఖాళీగా తిరిగొచ్చింది. చీకటి పడి సబ్బాతు ముగిశాక మోషే వివరించాడు. అతిథుల కోసమని నేను అనివుంటే తనే ఆ కుండను వెనక్కి పంపేవాడట. మా కోసం కష్టపడినవాళ్లని తిట్టాల్సి రావడం మా ఉద్యోగంలో కష్టమైన భాగం అన్నాడు. మా ఉద్యోగంలో ఆ కష్టం లేదు, అందర్నీ తిడతాం అని చెప్పాను. సోమవారం ఆ కాగితం తీసేసి, మందపాటి తువ్వాళ్లకు నా నియమాల్లో మినహాయింపు రాశాను. సత్యవతి పేరు ఆ నెల మెచ్చుకోలు జాబితాకి పంపాను. కారణం అనే గడిలో “గరిటె సకాలంలో పడవేసినందుకు” అని రాశాను. పై ఆఫీసు వాళ్లు వివరణ అడిగారు. ఇచ్చాను.

తర్వాత నేను ఆ ఉద్యోగంలో ఉన్న ఏడాదిన్నరా కొత్తగా చేరినవాళ్లకు ఆ చిరునవ్వు జవాబు నేర్పలేదు. పని ఎందుకు చేశారో అదే రాయమన్నాను. కారణం తప్పు రాస్తే, అంకె సరిగ్గా ఉన్నా రిజిస్టర్ పనికిరాదు.

ఈ ఘటనకు ముందు ఏడాదే నా భార్య పోయింది. ఈ వయసులో ఇంకా ఉద్యోగంలో ఎందుకున్నారని అడిగినవాళ్లకి, సంస్థ వదలడం లేదు అని చెప్పేవాణ్ణి. ఆ శనివారం తర్వాత ఎవరడిగినా, అల్ కుసైస్‌లోని నా ఫ్లాట్‌లో ఒక్కణ్ణే కూర్చుని తినలేక అని చెప్పడం మొదలుపెట్టాను. అలా చెప్పాక ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. మస్తాన్ మాత్రం శుక్రవారాలు వంటగదిలో తమతోపాటు నాకూ ఒక పళ్లెం పెట్టించేవాడు. దానికి నేను థర్మామీటర్ గుచ్చలేదు.