మరిది మీద కక్షతో నేర్చిన సైకిలు

సుభద్రమ్మ సైకిలు నేర్చుకుంది సరదాకి కాదు, మరిది మీద కక్షతో. ఆ మాట ఆవిడే అందరికీ చెప్పేది.

రాజాం దగ్గర పల్లెలో వాళ్ళది రైతు కుటుంబం. మొగుడు పోయాక తన వాటా చేను తనే చేయించుకుంటూ ఒక్కతే ఉండేది. బండీ ఎడ్లూ మాత్రం పక్కింటి మరిది నరసింగరావువి. పంతొమ్మిదివందల అరవై ఆరులో, నూర్పులైన రోజుల్లో, చీపురుపల్లిలో ఉన్న చెల్లెలు నారాయణమ్మకి ప్రాణం మీదికొచ్చిందని పొద్దున్నే కబురొచ్చింది. అప్పటికే బస్సు వెళ్ళిపోయింది. బండి కట్టమని మరిదిని అడిగింది.

"ఇయాల వడ్లు మిల్లుకెయ్యాలి వదినా," అన్నాడతను బస్తాలు సర్దుకుంటూనే. "నారాయణమ్మ రేపటిదాకా ఉంటాదిలే. రేపు కడతాను."

ఆవిడ నడిచి వెళ్ళింది. చేరేసరికి దహనం అయిపోయి మగవాళ్ళు స్నానాలు చేసి తిరిగి వస్తున్నారు. సుభద్రమ్మ వాకిట్లో కూలబడింది గానీ ఏడవలేదు. "ఆడి బండి ఇంక ఎక్కను. ఆడి ఉసురు పోసుకుంటాను," అని మాత్రం అంది.

మరుసటేడు రాజాంలో పురుళ్ళు పోసే నర్సమ్మ ఒకావిడ బదిలీ మీద వెళ్ళిపోతూ తన సైకిలు అమ్మకానికి పెట్టింది. సుభద్రమ్మ కందులమ్మి దాన్ని కొనేసింది. అప్పటికి ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. చీర గోచీ పోసి కట్టి, సరిగ్గా మరిది ఇంటి ఎదుట ఉన్న కళ్ళంలోనే తొక్కడం మొదలుపెట్టింది. పడేది. మోకాలికి పసుపద్దుకుని మళ్ళీ ఎక్కేది. నరసింగరావు అరుగు మీద కూర్చుని నవ్వేవాడు.

"ఈ వొయసులో ఇదేటి వదినా? కాలిరిగితే ఎవుడు మోస్తాడు?"

"నిన్నైతే అడగన్లే."

ఉగాదికల్లా రాజాం వెళ్ళొచ్చింది. తర్వాత చీపురుపల్లి. ఆ వేసవిలో సముద్రం చూడాలనిపించి, దారిలో చుట్టాలిళ్ళలో తలదాచుకుంటూ భోగాపురం దాకా ఒక్కతే తొక్కుకుపోయి, నల్లగా మాడి తిరిగొచ్చింది. "దారిలో కక్ష సంగతి మర్సిపోయేదాన్ని. ఇంటికొచ్చి ఆడి మొహం సూస్తే మళ్ళీ గుర్తొచ్చేది," అనేది.

నరసింగరావు భార్య దానమ్మది పాలకొండ. కాపురానికి వచ్చినప్పటినుంచి మొగుడు బండి కడితేనే పుట్టింటికి వెళ్ళడం. అతను కట్టేది తక్కువ. ఒక సంతరోజు, అతను ఊళ్ళో లేని పూట, సుభద్రమ్మ ఆమెని పిలిచింది.

"సైకిలు నేర్సుకుంటావేటే?"

"మా ఆయన సంపేస్తారక్కా."

"ముందు నేర్సుకో. సంపితే అప్పుడు సూద్దాం."

నేర్చుకుంటూ పడి దానమ్మకి మోచెయ్యి బెణికింది. నూతి దగ్గర జారిపడ్డానని మొగుడితో చెప్పింది. సుభద్రమ్మ ఆముదం రాసింది గానీ జాలిపడలేదు. మరుసటి సంతరోజు మళ్ళీ ఎక్కించింది.

కొన్నాళ్ళకి కూరలో ఉప్పెక్కువైందని నరసింగరావు కంచం విసిరేశాడు. దానమ్మ వచ్చి తోటికోడలి సైకిలడిగి పాలకొండ వెళ్ళిపోయింది. వారం గడిచినా రాలేదు. గంజి కాచుకోవడం కూడా చేతగాక నరసింగరావు సుభద్రమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నా కొంప కూల్సేసినావు వదినా."

"అవును. కావాలనే సేసినాను."

"ఒక్క మాట సెప్పు దానికి. నువ్వు సెప్తే వస్తాది."

"ఆఖరిసారి నా సెల్లి మొహం సూణ్ణివ్వనేదు నువ్వు. నాను సెప్పను."

చెప్పి తలుపేసుకుంది. ఆ పూట కడుపునిండా తిన్నానని తర్వాత ఎన్నోసార్లు చెప్పింది.

దానమ్మ తనంతట తనే, తనకి ఇష్టమైనప్పుడు వచ్చింది. ఇక నుంచి పుట్టింటికి ఎవర్నీ అడిగి వెళ్ళనని మొగుడికి తెగేసి చెప్పింది. ఆ కార్తీకంలో తోటికోడళ్ళిద్దరూ వంతులవారీగా తొక్కుకుంటూ రామతీర్థం బయల్దేరారు. దారిలో దానమ్మ అంది:

"నా మీద పేమతో నేర్పినావనుకున్నానక్కా."

"నేదు. ఆడి మీద కోపంతో."

దానమ్మ ఆపమంది. దిగి సైకిలు తను తీసుకుని, సుభద్రమ్మని వెనకాల కూర్చోమంది.

మరిదితో సుభద్రమ్మ మళ్ళీ మాట్లాడలేదు. అతను పెద్దమనుషుల్ని రాయబారం పంపేవాడు. వాళ్ళు వీధి మలుపు తిరుగుతుండగానే ఆవిడ గోచీ బిగించి సైకిలెక్కేసేది.