పండుగ పూట టైమ్ అవుట్

ఇబ్రహీంపట్నం దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ ఉద్యోగంలో నేను చేరిన కొత్తలో సంగతి ఇది. ఆయుధపూజ రోజు డ్యూటీలో ఒక్కదాన్నే ఉన్నాను. ఉన్నట్టుండి, హాస్టల్‌కు ఇంటర్నెట్ పంచే స్విచ్ పెట్టె నా కంప్యూటర్‌కు జవాబివ్వడం మానేసింది. తెరంతా ఎర్రగా ‘టైమ్ అవుట్’! జవాబు కోసం ఆగే గడువు పెంచినా లాభం లేదు. ఎవరో హ్యాక్ చేశారని బెంబేలెత్తి, మా సార్‌కు ఫోన్ చేసి హాస్టల్‌కు పరుగెత్తాను.

అక్కడ పెట్టెకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ! ప్లగ్ పీకేసి ఉంది.

“ఏడాదంత పని చేస్తనే ఉంటది. పండుగ పూటన్న జర ఆరామ్ తీసుకోనియ్ బిడ్డా” అంటూ వార్డెన్ యాదమ్మక్క నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టింది.

అంతలో సార్ ఫోన్. “హ్యాక్ చేసినోడు దొరికిండా?”

“ఎవరు చెయ్యలే సార్. స్విచ్చే దసరాకు సెలవు పెట్టింది!”

ఇప్పుడు ఏటా ఆ దండ నేనే వేస్తున్నాను. సెలవు మాత్రం ఇవ్వడం లేదు.